హైదరాబాద్ నుంచి డాలస్: దోహా మీదుగానా, ఐరోపా మీదుగానా?

వేసవి దగ్గరపడుతోందంటే ఇక్కడ డాలస్‌లో నాకు ఒకే రకం ఫోన్లు. "అమ్మానాన్నల్ని పిలిపిస్తున్నాం, ఏ రూట్‌లో తెస్తే మేలు?" అడిగేవాళ్లకి టికెట్ ధరలు తెలుసు, సామాను ఎన్ని కేజీలో తెలుసు, వీల్‌చెయిర్ అడగాలనీ తెలుసు. తేలనిది ఒక్కటే: గల్ఫ్ మీదుగా నాలుగు గంటలు, పదహారు గంటలు ఎగిరే దారా? లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఆగి పది, పది చేసే దారా? మా అమ్మని ఒకసారి ఐరోపా మీదుగా, ఒకసారి దోహా మీదుగా తెచ్చాను. మూడోసారికి పోయిన వారమే టికెట్ తీశాను. అందుకే ఈసారి ఫోన్లో చెప్పేదంతా ఒకేచోట రాసి పెడుతున్నాను.

ముందు దూరం సంగతి. గోడ మీది ప్రపంచపటం చూస్తే లండన్ మీదుగా వెళ్లడం తిన్నని దారిలా ఉంటుంది, దోహా మీదుగా అయితే చుట్టు తిరిగినట్టు ఉంటుంది. పటం వదిలేసి, పిల్లల గ్లోబు తీసుకుని దారం పట్టి చూడండి. శంషాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద. కలిపితే 175. అంటే భూమికి ఈ పక్క హైదరాబాద్, ఆ పక్క డాలస్. దారాన్ని బిగించి లాగితే అది లండన్ వైపూ పోదు, దోహా వైపూ పోదు. నేరుగా పైకి వెళ్లి, ఉత్తర ధ్రువానికి ఐదు వందల కిలోమీటర్ల దూరం నుంచి అవతలికి దిగుతుంది. దాని పొడవు సుమారు 14,400 కిలోమీటర్లు.

"మరి ఆ దారిలో డైరెక్ట్ ఫ్లైట్ లేదా?" అని ప్రతివాళ్లూ అడుగుతారు. నేను ఇది రాసేనాటికి లేదు. అంత దూరం ఎగరగల విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్ల పైచిలుకు ఆగకుండా వెళ్తున్నారు. ఇదే డాలస్ నుంచి సిడ్నీకి 13,800 కిలోమీటర్లు ఒక్క ఊపులో పోతున్నారు. శంషాబాద్ నుంచి షికాగోకి 2021 జనవరిలో ఎయిర్ ఇండియా నేరుగా ఒక విమానం మొదలుపెట్టింది కూడా, అది నిలబడలేదు. కాబట్టి ఎక్కడో ఒకచోట దిగి ఎక్కాల్సిందే.

ఎక్కడ దిగినా దూరంలో పెద్ద తేడా లేదు. నేను గ్లోబు మీది లెక్క వేసి చూశాను. దోహా అయితే 2,900, ఆ తర్వాత 12,750. కలిపి 15,650 కిలోమీటర్లు. దుబాయ్ అయితే 2,550, 12,930. కలిపి 15,480. లండన్‌కి 7,750, అక్కణ్నించి 7,630. మొత్తం 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ కూడా ఇంచుమించు అంతే. అన్నిటికన్నా పొడుగు దారికీ అన్నిటికన్నా పొట్టి దారికీ మధ్య మూడు వందల కిలోమీటర్లు కూడా లేవు. విమానానికి అది ఇరవై నిమిషాల పని. "ఫలానా రూట్ దగ్గర" అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

గాల్లో ఉండే సమయమూ అంతే, అటూ ఇటూగా ఇరవై, ఇరవై ఒక్క గంటలు. మధ్యలో ఆగేది కలుపుకుంటే ఇరవై మూడు నుంచి ఇరవై ఆరు. (మా పక్కింటావిడ టికెట్ చూసి, "తెల్లారి నాలుగింటికి ఎక్కి సాయంత్రం నాలుగున్నరకి దిగుతుందా! పన్నెండు గంటలేగా" అంది. రెండు ఊళ్ల గడియారాలకి తేడా ఉంది కదా, వేసవిలో అయితే దానికి పదిన్నర గంటలు కలపాలి, చలికాలంలో పదకొండున్నర.)

దూరమూ ఒకటే, గంటలూ దాదాపు ఒకటే అయినప్పుడు ఇక చూడాల్సింది ఏమిటి? ఆ ఇరవై గంటల్ని ఎక్కడ విరిచారన్నది. నా మటుకు మొత్తం తేలేది అక్కడే. అయితే అందరూ విరిచిన ముక్కల పొడవు చూస్తారు, నేను విరిగిన చోటు చూస్తాను. "అమ్మో, పదహారు గంటలు ఒకే కుర్చీలోనా?" అని భయపడి పది, పది తీసుకుంటారు. మొదటిసారి నేనూ అదే చేశాను.

అమ్మకి అప్పుడు అరవై ఆరు. షుగర్ ఉంది, ఎడమ మోకాలు సరిగా వంగదు. ఇంగ్లిష్‌లో యెస్, నో, థాంక్యూ వరకు వచ్చు. ఉండేది తెనాలి. నేను మొదటిసారి లెక్కలోకి తీసుకోనిది ఇదే: ఆవిడ ప్రయాణం శంషాబాద్‌లో మొదలవదు. తెనాలి నుంచి కారులో ఆరు గంటలు. విమానం పొద్దున్న ఏడింటికైతే నాలుగింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి, అంటే రాత్రి పదింటికి ఇంటి నుంచి బయల్దేరాలి. దారిలో టీకని ఒకసారి, డ్రైవరు నిద్ర ఆపుకోవడానికి ఇంకోసారి ఆగుతారు. కారులో అమ్మ నిద్రపోదు, డ్రైవరు నిద్రపోతాడేమోనని కాపలా కాస్తుంది. గుంటూరు, ఒంగోలు, ఖమ్మం, ఎక్కడినుంచి వచ్చే పెద్దవాళ్లకైనా కథ ఇదే. విమానం ఎక్కేసరికే ఒక రాత్రి నిద్ర పాడై ఉంటుంది.

అలా నిద్రలేకుండా ఎక్కిన మనిషి మొదటి విమానంలో ఏం చేస్తుంది? రెండు మూడు గంటలు కొత్తగా ఉంటుంది. భోజనం వస్తుంది, ఏది శాకాహారమో ఆలోచించాలి. బెల్టు, దుప్పటి, బాత్‌రూమ్ తలుపు ఎలా తెరుచుకుంటుందన్న బెంగ. ఇవన్నీ సర్దుకుని కన్ను మూతపడేసరికి ఐదారు గంటలు గడిచిపోతాయి. గాఢంగా నిద్రపట్టిన మూడు గంటలకి లైట్లు వేస్తారు, ఇంకో భోజనం పెడతారు, దిగమంటారు. ఐరోపా దారిలో విమానం మారేది సరిగ్గా అక్కడ. ఒళ్లంతా మత్తుగా ఉన్నప్పుడు, షుగర్ మాత్ర పొద్దుటిదా రాత్రిదా తెలియనప్పుడు, మళ్లీ సెక్యూరిటీ లైను, మళ్లీ గాజులు తియ్యమనడం, బోర్డు మీద గేటు నంబరు వెతుక్కోవడం.

అమ్మకి ఆ మధ్య మజిలీలో (ఊరి పేరు వద్దులెండి) వీల్‌చెయిర్ రావడానికి ముప్పావుగంట పట్టింది. వచ్చినతను ఒక హాల్లో కూర్చోబెట్టి, "వెయిట్" అని వెళ్లిపోయాడు. అలా వెయిట్ చేసేవాళ్లు అక్కడ పదిహేను మంది ఉన్నారట. అమ్మకి తనని మర్చిపోయారేమోనన్న భయం. ఫోన్‌లో వైఫై కలపడం రాదు. ఇక్కడ నాకేమో ఆవిడ ఎక్కిందో లేదో తెలియదు. రెండో విమానం బయల్దేరినట్టు నా ఫోన్‌లో కనబడుతోంది, అందులో అమ్మ ఉందా అన్నది కనబడదు. ఆ పది గంటలు నేను పడ్డ టెన్షన్ ఇంకొకరికి వద్దు. దిగాక అమ్మ అన్న మొదటి మాట: "రెండోసారి ఎక్కాక కన్ను మూయలేదురా, మళ్లీ దింపేస్తారేమోనని."

రెండోసారి దోహా మీదుగా తెచ్చాను. తెల్లవారుజాము విమానం. సాయంత్రం ఐదున్నరకే అన్నం తిని తెనాలిలో బయల్దేరింది. మొదటి విమానం నాలుగున్నర గంటలు. ఆ కాసేపట్లో ఎవరూ సరిగా నిద్రపోరు, పోకపోయినా పెద్ద నష్టం లేదు. ఒళ్లు అలిసింది కానీ మనసు ఇంకా ఇంటి దగ్గరే ఉంది, తెలివిగానే ఉంది. చుట్టూ హైదరాబాద్‌లో ఎక్కిన జనమే. దోహాలో దిగేసరికి అమ్మకి అప్పటికే ఇద్దరు పరిచయం. ఒకావిడ నల్గొండ నుంచి కూతురి పురిటికి వెళ్తోందట, డాలస్‌కే. గల్ఫ్ దారికి ఉన్న ఈ బలం ఏ వెబ్‌సైట్‌లోనూ కనబడదు. వేసవిలో ఆ దోహా-డాలస్ విమానంలో గేటు దగ్గర నిలబడి చూడండి, ముందు వరసలో వీల్‌చెయిర్ల మీద ఉన్నవాళ్లలో సగం మంది తెలుగులో మాట్లాడుతుంటారు. "తోడు కావాలి" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే మెసేజ్‌కి జవాబు దొరికేదీ ఎక్కువగా ఈ దారిలోనే.

దోహా హమద్ విమానాశ్రయంలో ఇంకో సుఖం: టెర్మినల్ ఒక్కటే. బస్సెక్కి ఇంకో టెర్మినల్‌కి పోవడం అనే మాట లేదు. నట్టనడుమ ఒక పెద్ద పసుప్పచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, తల మీద దీపం. తప్పిపోతే ఆ బొమ్మ దగ్గరికి వచ్చి నిలబడమని అమ్మకి ముందే చెప్పాను. తప్పిపోలేదు కానీ, బొమ్మ చూడాలని వీల్‌చెయిర్ అబ్బాయిని అటు తిప్పించుకుందట.

ఆ తర్వాత పదహారు గంటలు. అందరూ భయపడేది దీనికే. జరిగిందేమిటంటే, ఎక్కాక ఒకసారి తిని, మాత్ర వేసుకుని, కిటికీలన్నీ మూసేసి చీకటి చేశాక అమ్మ ఏడు గంటలు పడుకుంది. ఎందుకు పట్టదు? ముందు రాత్రంతా మెలకువ. పైగా ఇక దిగేది ఎక్కేది లేదు, తలుపు తెరిస్తే కొడుకే. ఆ ధీమా మత్తుమందు లాంటిది. లేచాక రెండు మూడు సార్లు వెనక్కీ ముందుకీ నడిచింది, నల్గొండావిడతో కబుర్లు చెప్పుకుంది, ఒక సినిమా సగం చూసింది. బయట ఎండ తగ్గనే లేదట. పొద్దున్న దోహాలో ఎక్కితే సూర్యుడి వెంటే పరిగెత్తి సాయంత్రం డాలస్‌లో దిగుతారు, మధ్యలో రాత్రి రాదు. పాదాలు వాచాయి, నిజమే. చెప్పులు పట్టలేదు. కానీ మొదటిసారి కూడా వాచాయి.

ఒక మెలిక చెప్పాలి. నేను చెప్పేదంతా వచ్చేటప్పటి లెక్క. తిరుగు ప్రయాణంలో అదే దారి తిరగబడుతుంది: ముందు పెద్ద ముక్క, తర్వాత చిన్నది. గాలి తోడుగా వస్తుంది కాబట్టి పదహారు గంటలు కాస్తా పద్నాలుగున్నర, పదిహేను అవుతుంది. అయినా విమానం మారేది అలసిపోయాకే. నా వాదన ప్రకారం ఇది చెడ్డదే కావాలి. కానీ మిగిలింది నాలుగు గంటలు, గేటు దగ్గర ఉన్నదంతా హైదరాబాద్ జనం. పొరపాటున అది తప్పిపోయినా దోహా నుంచి హైదరాబాద్‌కి ఇంకో విమానం కోసం మరీ ఎక్కువ ఎదురుచూడక్కర్లేదు. వచ్చేటప్పుడు మాత్రం ఆ వెసులుబాటు లేదు. దోహా నుంచి డాలస్‌ది పోతే మర్నాటి దాకా ఆగాల్సి రావచ్చు. అందుకే వచ్చేటప్పుడు మధ్యలో గంటా ఇరవై నిమిషాలు, గంటన్నర చూపించే టికెట్ ఎంత చవకైనా తీసుకోకండి. రెండున్నర, మూడు గంటలు ఉండాలి. అమెరికా విమానాలకి గేటు దగ్గర తనిఖీ ఇంకొకటి ఉంటుంది, వీల్‌చెయిర్ వాళ్లకి దానికే సమయం పడుతుంది. నాలుగు దాటితే మాత్రం కుర్చీలో పడిగాపులు, అది వేరే నరకం.

ఐరోపా దారి పనికిరాదని నేను అనడం లేదు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, ఈమధ్యే మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు చెప్పింది వినాలి, నేను రాసింది కాదు. మధ్యలో లేచి బాగా నడవగలగడం వాళ్లకి నిజంగా మేలు. నడవగలిగి, ఇంగ్లిష్ వచ్చి, ముందే ఫోన్ వాడటం అలవాటైన అరవైలోపు వాళ్లకి లండన్ మీదుగా ప్రయాణం హాయిగా ఉంటుంది. అటు శంషాబాద్-లండన్, ఇటు లండన్-డాలస్ రెండూ ఒకే సంస్థవి దొరుకుతాయి, ఒకే టికెట్ మీద. నేను ఒక్కణ్నే వెళ్తే నాకూ అదే ఇష్టం, పది గంటలు దాటి కూర్చుంటే నాకు చిరాకు. మా ఆవిడ అందుకే అంటుంది, "మీకొక రూలు, అత్తయ్యకొక రూలు" అని.

వీసా సంగతి మర్చిపోవద్దు. పెద్దవాళ్లకి చేతిలో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటుంది కాబట్టి లండన్‌లోనైనా జర్మనీలోనైనా విమానం మారడానికి వేరే ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. చిక్కల్లా ఇక్కడ పనిచేస్తున్న మనకే. పాస్‌పోర్టులో స్టాంపింగ్ (అమెరికా వీసా ముద్ర) గడువు తీరిపోయి, ఇక్కడ ఉండేందుకిచ్చిన అనుమతి కాగితాల మీద నడుస్తున్నవాళ్లు ఇండియాకి వెళ్లేటప్పుడు ఐరోపా టికెట్ తీసేముందు ఆ దేశం నిబంధన చదవాలి. అమ్మని దింపడానికి తోడుగా వెళ్దామనుకునేవాళ్లు ముఖ్యంగా. దోహా, దుబాయ్‌లలో విమానాశ్రయం దాటనంతవరకు మనకి ఆ తలనొప్పి లేదు.

"గల్ఫ్‌లో గొడవలు కదా, నమ్మకం ఏముంది?" అని కూడా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2025 జూన్ 23న ఖతార్ తన ఆకాశాన్ని మూసేసినప్పుడు ఎక్కడెక్కడి విమానాలో దారి మళ్లాయి, దోహాలో జనం నేల మీద పడుకున్నారు. 2024 ఏప్రిల్‌లో కుండపోత వానకి దుబాయ్ రన్‌వే మీద నీళ్లు నిలిచాయి. కానీ 2025 మార్చి 21న కరెంటు సబ్‌స్టేషన్ తగలబడి లండన్ హీత్రో విమానాశ్రయం కూడా మూతపడింది. ఏ ఊరికీ పూచీకత్తు లేదు. టికెట్ మొత్తం ఒకే బుకింగ్ మీద ఉంటే గండం వచ్చినా వాళ్లే ఇంకో విమానం చూపిస్తారు. రెండు వేర్వేరు టికెట్లు కొని నాలుగు వేలు మిగుల్చుకున్నవాళ్లకి ఆ దిక్కు ఉండదు. బయల్దేరే వారం వార్తలు బాగా లేకపోతే మాత్రం నేను కూడా దారి మారుస్తాను, మొండిపట్టు పట్టను.

దుబాయ్‌కీ దోహాకీ నేను పెద్ద తేడా చూడను. దుబాయ్‌కి మొదటి ముక్క ఇంకాస్త చిన్నది, హైదరాబాద్ నుంచి విమానాలూ ఎక్కువే. విమానాశ్రయం పెద్దది, లోపల రైలెక్కాల్సి రావచ్చు. ధర తక్కువ ఉన్నది తీసుకోండి. అబుదాబికి ఒక ప్రత్యేకత ఉంది: అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, ఇక్కడ దిగాక లోకల్ ప్రయాణికుల్లా బయటికి నడిచి రావచ్చు. కానీ అక్కణ్నించి డాలస్‌కి నేరుగా విమానం లేదు, షికాగోలోనో మరోచోటో ఇంకోసారి మారాలి. ఆ షికాగోలో దిగడం, టెర్మినల్ మారడం అమ్మకి వద్దు.

ఢిల్లీ మీదుగా ఎయిర్ ఇండియాలో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి, అక్కణ్నించి డాలస్ రావడం ఒకటి ఉంది. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ గగనతలం మన విమానాలకి మూసేశారు, దాంతో ఆ దారి పొడవైంది. న్యూయార్క్‌లో దిగి డాలస్‌కి ఇంకో విమానం పట్టుకునే చవక టికెట్లు ఇంకొకటి. వీటిలో అమెరికాలో మొదట దిగిన చోటే సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ ఇచ్చిరావాలి. ఇరవై మూడు కేజీల పెట్టెలు రెండు, ఆవకాయ సీసాలతో సహా, బెల్టు మీంచి అమ్మ లాగాలి. ఇక ఈ దారి గురించి రాయను.

మూడోసారికి మళ్లీ దోహానే తీశాను, మధ్యలో రెండు గంటల యాభై నిమిషాలు. వీల్‌చెయిర్ బుకింగ్‌లోనే పెట్టించాను, బయల్దేరడానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి మళ్లీ అడుగుతాను. డయాబెటిక్ భోజనం చెప్పాను. ఫోన్‌లో వైఫై కలపడం మా మేనకోడలు తెనాలిలో నేర్పిస్తోంది, రోజుకొకసారి పరీక్ష పెడుతోందట. బయల్దేరేది ముందు రోజు సాయంత్రం కాదు, ఒక రోజు ముందే వచ్చి శంషాబాద్ దగ్గర మా పిన్నివాళ్లింట్లో పడుకుంటుంది. ఇది అమ్మ ఆలోచనే. "మీ డ్రైవరుకి కాపలా కాయలేనురా" అంది.

సీటు ఒక్కటే తేలలేదు. నడవడానికి వీలుగా నేను నడవ పక్కది తీశాను. అమ్మకి కిటికీ కావాలట. పదహారు గంటలు కిటికీలు మూసే ఉంచుతారని చెప్పాను. "మూసినా పక్కన ఉంటుంది కదా" అంటోంది.